రాతలగుట్ట మీద పెట్టిన విస్తరి

పూలమ్మకు మొగుడి శవం దక్కలేదు. గోదావరిఖని కొత్తగా గనుల ఊరవుతున్న రోజులవి. గనిలో మంటలు అంటుకుంటే, పాకకుండా ఆ భాగానికి అడ్డంగా గోడ కట్టి మూసేశారు. పైకప్పు కూలకుండా దుంగలు నిలబెట్టే మొగిలి ఆ గోడకు అవతలే ఉండిపోయాడు. గోడ కట్టేనాటికి ప్రాణంతో ఉన్నాడా, లేడా? ఆ అనుమానం పూలమ్మను పట్టి పీడించింది. గోడ మాట ఇంట్లో ఎవరినీ ఎత్తనిచ్చేది కాదు.

శవం లేదు, పూడ్చిన బొంద లేదు. మరి పెత్రమాసనాడు చచ్చిపోయినవాళ్ళకు పెట్టే ముద్ద ఎక్కడ పెట్టాలి? ఆమె పుట్టినూరి పక్కన రాతలగుట్ట ఉంది. అక్కడి బండ మీద ఎవరికీ అంతుపట్టని గీతలున్నాయి. రాకాసుల రాతలని జనం అటు తొంగిచూసేవారు కాదు. పూలమ్మ మాత్రం గుట్టెక్కింది. రెండు దుంగలు తలకు తల ఆనించి నిలబెట్టినట్టున్న గుర్తొకటి కంటబడగానే బావురుమంది. మొగిలి పనే అది!

"ఈడున్నవా బావా!"

అప్పటినుంచి ప్రతి పెత్రమాసకూ ఆ గుర్తుకు ఎర్రమట్టి జాజు పూసి, విస్తరి పెట్టి, మొగుణ్ణి పేరు పెట్టి పిలిచేది. పిలవగానే ఒళ్ళు జలదరించేది. ఎవరో వచ్చి ఎదురుగా కూర్చునేవారు. అబద్ధమంటారా? అనుకోండి, ఆమెకేం పోయింది! సంవత్సరం పొడుగునా ఆ ఒక్క పూట కోసమే బతికింది.

పంతొమ్మిది వందల డెబ్బైల్లో ఒక పెత్రమాసకు ఆమె గుట్టెక్కేసరికి, మంథని నుంచి వచ్చిన సదాశివ పంతులు బండకు తడి కాగితం అతికించి, కుంచెతో తట్టుతూ రాతల అచ్చు తీస్తున్నాడు. ఆయన బడిపంతులే గానీ పాత రాతలంటే పిచ్చి.

"పంతులూ! నా పెనిమిటి మీద చెయ్యెయ్యకు!"

పంతులు హడలిపోయాడు. సంగతంతా విన్నాక మెల్లగా చెప్పాడు.

"ఇవి అక్షరాలమ్మా. బ్రాహ్మీ అంటరు. రెండు వేల ఏండ్ల నాటివి. నువ్వు జాజు పూసింది 'గ'. రాతి మీద ఉలితోని చెక్కిండ్రు గనుక గిట్ల సూటిగ ఉన్నది. తాటాకు మీద గంటంతోని రాయంగ రాయంగ గుండ్రమై, తలకట్టు పెట్టుకొని మన 'గ' అయింది."

"గా గుర్తు ఎవరిది?"

"నాగుడనేటాయన పేరుల అక్షరం. నాగుడిచ్చిన దానమని రాసి ఉన్నది. ఈ బండ కింది నీడను సన్యాసులకు ఇచ్చిండు గావచ్చు."

పూలమ్మ ఆ గుర్తు వైపు తిరిగింది. ఇన్నేళ్ళూ మొగిలీ అని పిలిస్తే వచ్చి తిన్నది ఎవరు? మరి మొగిలి? గోడ అవతల, ఆ చీకట్లో, ఇన్నేళ్ళూ ఆకలితో ఉన్నాడా? తెచ్చిన అన్నం మూట విప్పింది. తర్వాత అడిగింది.

"ఈ నాగయ్యకు పెట్టేటోళ్ళు ఎవరన్న ఉన్నరా?"

"ఇన్నేండ్లకు ఎవరుంటరమ్మా?"

"అలవాటు చేసిన. ఇప్పుడు మానితే ఎట్ల?"

సగం అన్నం విస్తట్లో పెట్టింది. మిగతా సగం మూటగట్టుకుని గుట్ట దిగింది.

మరిది ఎల్లేశానిది గనిలో మూసిన గోడలను చూసి వచ్చే డ్యూటీ. రెండో షిఫ్టుకు బయల్దేరుతున్నవాడి చేతిలో పూలమ్మ ఆ మూట పెట్టింది.

"గోడకాడ మీ అన్నకు పెట్టు. పేరు పెట్టి పిలువు."

వదిన నోట గోడ మాట వచ్చేసరికి ఎల్లేశం కొయ్యబారిపోయాడు. మూట మాత్రం గట్టిగా పట్టుకున్నాడు.

తెల్లవారి వచ్చి గడపలో నిలబడ్డాడు.

"పెట్టిన వదినా. పిలిచిన."

"పలికిండా?"

ఎల్లేశం తల అడ్డంగా ఊపాడు.

"గోడకు చెయ్యి ఆనిచ్చిన. ఇన్నేండ్లైన మంట ఆరలే, ఇంక ఎచ్చగనే ఉన్నది."

"ఏ చేతితోని ముట్టినవ్?"

అతను కుడిచెయ్యి చాపాడు. పూలమ్మ ఆ అరచేతిని తన చెంపకు ఆనించుకుని, ఎంతకూ వదల్లేదు.