చల్లటి మెట్లు

మా అమ్మాయి సెలవు రోజుల్లో ముక్కూ మొహం తెలియనివాళ్ళ అరికాళ్ళు పట్టుకు చూస్తోందని తెలిసిన రోజున నాకు ఒళ్ళు మండిపోయింది. ఎంబీబీఎస్ పూర్తి చేసి, రాత్రింబవళ్ళు చదివి పీజీ సీటు తెచ్చుకుని, రాజమండ్రిలో పెద్దాసుపత్రిలో పనిచేస్తున్న పిల్ల. మెడలో స్టెతస్కోపు వేసుకుని దర్జాగా నాడి చూడాల్సింది పోయి, ఈ కాళ్ళ గోలేంటి? ఆ మాటే మా ఆవిడతో అన్నాను. "అడిగేదేదో దాన్నే అడగండి, నామీద ఎగురుతారేంటి" అని కాఫీ గ్లాసు నా ముందు పెట్టి లోపలికి పోయింది. నాకు షుగరుంది కాబట్టి ఆ కాఫీలో పంచదార ఉండదు. ఆ కోపం కూడా దీనికి తోడైంది.

నా సంగతి చెప్పాలి. కాలవల డిపార్ట్‌మెంటులో వర్క్ ఇన్‌స్పెక్టరుగా చేసి రిటైరయినవాణ్ణి. సర్వీసంతా డెల్టా కాలవగట్ల మీదే గడిచింది. మోటారు సైకిలు దిగబడే చోట చెప్పులు చేత్తో పట్టుకుని నడిచాను. అందుకని నా కాళ్ళంటే నాకు గొప్ప. ఏటా స్వామి కల్యాణం జరిగే ఏకాదశినాడు కోరుకొండ నరసింహస్వామి కొండ మిట్టమధ్యాహ్నం ఎక్కుతాను. మా అమ్మ మొక్కిన మొక్కు అది, ఆవిడ పోయాక నాకు సంక్రమించింది. రాతిమెట్లు పెనంలా కాలుతుంటాయి. జనం గెంతుతూ, ఎక్కడ కాస్త నీడ కనపడితే అక్కడికి పరిగెడుతూ ఎక్కుతారు. మా ఆవిడైతే అయిదారు మెట్లకోసారి స్వామిని తలుచుకోవడం మానేసి నన్ను తిడుతుంది. నేను మాత్రం వీధి అరుగు మీద పచార్లు చేసినట్టు తాపీగా ఎక్కేస్తాను. పోయినేడు ఇంటికొచ్చాక బొటనవేలి కింద బొబ్బ కనిపించింది. కొత్త చెప్పు కరిచిందనుకున్నాను.

ఇక అమ్మాయి సంగతి. పీజీ చదువంటే రోగుల్ని చూడ్డం ఒక్కటే కాదట. ఆసుపత్రి డ్యూటీ చేస్తూనే ప్రతివాళ్ళూ ఏదో ఒక విషయం మీద పరిశోధన చేసి థీసిస్ రాయాలట. కొంతమంది ఆసుపత్రిలో ఉన్న పాత కేసు షీట్లు తిరగేసి ముగించేస్తారు. వాళ్ళని తప్పుపట్టడానికి నాకు నోరు రాదు, ఆ పిల్లలకి కంటినిండా నిద్రుంటే కదా. మా అమ్మాయి ఒకసారి డ్యూటీ నుంచి మధ్యాహ్నానికి ఇంటికొచ్చి, పప్పన్నం కలుపుకుని, ముద్ద చేతిలో పట్టుకునే నిద్రపోయింది. వాళ్ళమ్మ ఆ చెయ్యి తుడిచి, చిన్నపిల్లని నడిపించినట్టు నడిపించుకెళ్ళి పడుకోబెట్టింది. నేను గుమ్మంలో నిలబడి చూశాను.

అలాంటిది, దీని గైడు మేడమ్ పాపం మంచావిడ, సులువుగా అయిపోయే టాపిక్ ఇస్తానంటే ఇది వద్దంది. షుగరున్నవాళ్ళ కాళ్ళలో స్పర్శ పోవడం గురించి చేస్తానంది. అదీ ఆసుపత్రికి వచ్చినవాళ్ళ మీద కాదు. ఇంకా రానివాళ్ళని వెతుక్కుంటూ బయటికెళ్ళి చూస్తానంది. ఎందుకే నీకీ తద్దినం అని నిలదీస్తే ఒకావిడ గురించి చెప్పింది.

ఆవిడ సముద్రం వైపు నుంచి వచ్చింది. పొద్దున్నే పడవల దగ్గర చేపలు కొని, గంప నెత్తిన పెట్టుకుని చుట్టుపక్కల ఊళ్ళు తిరిగి అమ్ముకునే మనిషి. వేటకెళ్ళిన అల్లుడు తుపానులో చిక్కుకుని క్షేమంగా తిరిగొస్తే, మొక్కు తీర్చుకోడానికి కోరుకొండ వచ్చి చెప్పుల్లేకుండా ఎక్కింది. ఆ తర్వాత ఆసుపత్రిలో చేరింది. అప్పటికే అరికాలు చీముపట్టి నల్లబడింది. అయినా పక్క మంచాలవాళ్ళకి చెప్పుకుని మురిసిపోయేదట. "స్వామి దయండీ. అందరూ గెంతుతుంటే నాకు మాత్రం మెట్లు చల్లగా ఉన్నాయండి" అని.

షుగరు ముదిరి ఆవిడ కాళ్ళలో నరాలు చచ్చుబడిపోయాయి. కాలుతున్నా తెలియలేదు. తెలియకపోవడమే స్వామి దయ అనుకుంది. కాలు మోకాలి కింద నుంచి తీసేశారు. గంప నెత్తిన పెట్టుకుని ఎలా నడవనమ్మా అని ఆవిడ మా అమ్మాయిని అడిగిందట.

ఆ కథ వింటున్నప్పుడు నా మెట్లు నాకు గుర్తు రాకపోలేదు. వచ్చాయి. కానీ ఆవిడది రోగం, నాది అలవాటు, కాలవగట్ల మీద నడిచి రాటుదేలిన కాళ్ళు నావి, దానికీ దీనికీ పోలికేంటి అని సర్దిచెప్పుకున్నాను. అమ్మాయి నా కాళ్ళు కూడా చూస్తానని ఒకటి రెండుసార్లు కూర్చుంది. కసిరి పంపేశాను. మా ఇంట్లో ఆడపిల్ల లక్ష్మీదేవితో సమానం, దాని చేత కాళ్ళు ముట్టించుకోం. పుట్టినరోజుకి కూడా దణ్ణం దూరం నుంచే పెట్టించుకుంటాను.

"సరేనమ్మా, ఆ కాలు పోయింది, నాకూ బాధే. కానీ నీ పని వచ్చినవాళ్ళకి వైద్యం చెయ్యడం. ఈ వెతుకులాట నీకెందుకు?" అన్నాను.

"నాన్నా, గట్టుకి గండి పడ్డాక నువ్వు ఇసక బస్తాలు వేయించేవాడివి. అదొక్కటే చేసేవాడివా? వరదలొచ్చే ముందు గట్టు ఎక్కడ నానుతోందో తడుముకుంటూ ఊళ్ళకి ఊళ్ళు నడిచేవాడివి కదా. వార్డులో మేం రోజూ బస్తాలే వేస్తున్నాం. గట్టు కూడా చూడనీ" అంది.

నా ఉద్యోగం నామీదే తిప్పికొట్టింది. నేను ఇంకా గట్టిగా అరిచాను.

పని మాత్రం సాగలేదు. సంతలోనూ, రైతుబజారు దగ్గరా ప్రయత్నించి చూసింది. జనం ఒప్పుకోలేదు. వచ్చే ఏకాదశికి కోరుకొండ కింద కూడా కుదరకపోతే ఇది వదిలేసి పాత కేసు షీట్ల టాపిక్ తీసుకోమని మేడమ్ చెప్పేసింది, ఇంక గడువు లేదని. అమ్మాయి మొహం మాడిపోయింది. నాకు మాత్రం లోపల్లోపల సంతోషమే. ఈ ఒక్కరోజూ గడిస్తే పిల్ల ఆదివారాలు పడుకుంటుంది. నేనూ వస్తాను, ఎలాగూ మొక్కుంది కదా అన్నాను. అది ఓడిపోతే బుజ్జగించి ఇంటికి తెచ్చుకోవడం నా పథకం.

కొండ కింద, చెప్పులు విడిచే చోటికి దగ్గర్లో, మజ్జిగ పంచే పందిరిలో ఒక మూల చోటిచ్చారు. ఒక బల్ల, మూడు ప్లాస్టిక్ కుర్చీలు. వేలికి సూది గుచ్చి షుగరు చూస్తామంటే జనం చక్కగా వరస కట్టారు. షుగరు ఉందని తేలినవాళ్ళని, కాళ్ళు కూడా చూస్తాను కూర్చోండి అనేసరికి ఒక్కొక్కరే వెనక్కి తగ్గారు. పిడికి బిగించిన సన్నటి నైలాను పోగుంటుంది, గాలం దారమంత. దాన్ని అరికాలికి ఆనించి, తెలుస్తోందా లేదా అని అడగడమే ఆ పరీక్ష. నొప్పీ లేదు, నెత్తురూ లేదు. వాళ్ళ భయం దానికి కాదు.

"డాక్టరమ్మగారు మా కాళ్ళు ముట్టుకోడమేంటండీ బాబూ. పాపం తగులుద్దండి మాకు" అని ఒక మామ్మగారు రెండు కాళ్ళూ చీరలోకి లాగేసుకుంది. పైగా అడిగినందుకే తప్పయిపోయినట్టు అమ్మాయి చెయ్యి తీసి కళ్ళకద్దుకుంది. ఆవిడ వెనకాలే ఇంకో పెద్దాయన, ఆయన వెనక ఇంకొకళ్ళు. అందరూ మర్యాదస్తులే. అందరూ నమస్కారం పెట్టేవాళ్ళే. ఆ మర్యాదతోనే పిల్ల పని మొత్తం మునిగిపోతోంది.

ఎండ ఎక్కుతోంది. అమ్మాయి ఆ పోగు పట్టుకుని నవ్వు మొహం పెట్టుకుని అడుగుతూనే ఉంది. ఆ నవ్వు నాకు తెలుసు. చిన్నప్పుడు పరుగుపందెంలో ఆఖర్న వచ్చినప్పుడు అలాగే నవ్వేది, ఇంటికొచ్చి బాత్‌రూములో తలుపేసుకుని ఏడ్చేది. అది ఓడిపోవాలని కోరుకుంటూ వచ్చినవాణ్ణి, ఎదురుగా ఓడిపోతుంటే చూడలేకపోయాను. లేచి వెళ్ళి ఆ ఖాళీ కుర్చీలో కూర్చుని చెప్పులు విడిచాను.

"ఇదుగో నా కాళ్ళు. చూడు" అన్నాను. అది నమ్మలేనట్టు చూసింది. నేను జనం వైపు తిరిగి, కాలవ అవతలి గట్టు మీదవాణ్ణి పిలిచే గొంతుతో, "ఇది నా సొంత కూతురండీ. పుట్టాక ఏనాడూ దీని చేత కాళ్ళు ముట్టించుకోలేదు. ఇవాళ ముట్టించుకుంటున్నాను. పాపం తగిలితే ముందు నాకే తగులుతుంది, చూసి రండి" అన్నాను. మజ్జిగ తాగుతున్నవాళ్ళు గ్లాసులతో సహా చుట్టూ మూగారు.

అమ్మాయి కింద మోకాళ్ళ మీద కూర్చుంది. ముందు ఆ పోగుని నా ముంజేతికి ఆనించి, ఇలా ఉంటుంది నాన్నా, తగిలినప్పుడల్లా 'ఆ' అను, కళ్ళు మూసుకో అంది. "ఆ" అన్నాను గట్టిగా. అందరూ నవ్వారు. నాకు హుషారొచ్చింది. కళ్ళు మూసుకున్నాను.

మైకులో ఎవరిదో పర్సు దొరికిందని చెబుతున్నారు. ఎవరో పిల్లాడు ఇంకో గ్లాసు మజ్జిగ కావాలని పేచీ పెడుతున్నాడు. నేను ఎదురుచూస్తున్నాను. చుట్టూ ఉన్న నవ్వులు మెల్లగా తగ్గాయి. పిచ్చిపిల్ల, ఇన్నాళ్ళూ నేనే వద్దన్నాను కదా, నలుగురిలో తండ్రి కాలు ముట్టుకోడానికి మొహమాటపడుతోంది అనుకున్నాను. జాలేసింది.

"ఫరవాలేదమ్మా, మొదలెట్టు" అన్నాను.

కళ్ళు తెరిచాను. నా కుడికాలు దాని ఒడిలో ఉంది. ఆ నైలాను పోగు నా అరికాలికి ఆని విల్లులా వంగి ఉంది.

"రెండు కాళ్ళూ అయిపోయాయి నాన్నా" అంది.

నేను కొండ వైపు చూశాను. జనం గెంతుతూ ఎక్కుతున్నారు. ఎన్నేళ్ళుగా నేను వాళ్ళని చూసి నవ్వుకున్నానో. చేపలమ్ముకునే ఆ తల్లి కంటే నేనేం తెలివైనవాణ్ణి? అమ్మాయి నా అరికాళ్ళు రెండూ వేళ్ళ సందులతో సహా చూసింది. పుండేమీ లేదు నాన్నా, ఇంకా ఏం కాలేదు, ఇవాళ మాత్రం ఎక్కకు అంది. ఎక్కనులే, స్వామితో ఇక్కణ్ణుంచే మాట్లాడుకుంటాను అన్నాను. నాకు భయమేసింది. ఆ భయంలోనే, నిద్ర లేకపోయినా సరే ఈ పిల్ల ఈ పని మానకూడదని కూడా అనుకున్నాను.

ఇందాక కాళ్ళు లాగేసుకున్న మామ్మగారు జనాన్ని తప్పించుకుని వచ్చి నా పక్క కుర్చీలో కూర్చుంది. చీర కాస్త పైకి లాక్కుని కాలు ముందుకి చాపింది. "నాకూ చూడమ్మా. మెట్లు కాలట్లేదు నాకు" అంది. ఆవిడ వెనక పెద్దాయన చెప్పులు విడుస్తున్నాడు.

అమ్మాయి భుజానికి మొహం తుడుచుకుంది. "కళ్ళు మూసుకోండి మామ్మగారూ" అని, కుడిచేత్తో పోగు ఆవిడ పాదానికి ఆనించింది. ఎడంచెయ్యి మాత్రం నా పాదాన్ని వదల్లేదు, గట్టిగా పట్టుకునే ఉంది. కిందికి చూశాను కాబట్టి తెలిసింది.