అయిదో స్తంభం

రైలింజన్ల షెడ్డులో ఆయన్ని అందరూ స్కేలుబాబాయ్ అనేవారు. జేబులో పెన్ను లేకపోయినా ఆరంగుళాల ఉక్కు స్కేలు మాత్రం ఉండాల్సిందే. పెళ్లయిన వారానికే వంటింటి గట్టు అరంగుళం వాలిందని కనిపెట్టి, పాలగిన్నె ఎటు జారుతుందో భార్యకు చూపించాడట. అంతకుముందు తనకు తిన్నగానే కనబడే గట్టు ఆ రోజు నుంచి వంకరగానే కనబడుతోందని ఆవిడ ఇప్పటికీ వచ్చినవాళ్లకల్లా చెబుతుంది.

పద్దెనిమిదో ఏట ఫిట్టరుగా చేరి, పైమెట్లెక్కి, ఫిట్టర్ల చేత పని చేయించే ఛార్జ్‌మన్‌గా రిటైరయ్యాడు. తమ్ముణ్ణి తనే తీసుకెళ్లి అదే షెడ్డులో పెట్టించాడు. స్పానర్ పట్టుకోవడం దగ్గర్నుంచి అన్నీ దగ్గరుండి నేర్పాడు. ఆ తమ్ముడు ముప్ఫై నాలుగేళ్లకే, ఆ షెడ్డులోనే, ఇంజను చక్రం కింద పడి పోయాడు.

అది జరిగి ఇరవై రెండేళ్లు. రెండో లైను మీద ఆగివున్న ఇంజను వెనక చక్రం పక్కన మోకాళ్ల మీద కూర్చుని తమ్ముడు బ్రేకు దిమ్మ బిగిస్తున్నాడు. ఇంజను దగ్గర మనిషి పనిలో ఉంటే దానికి ఎర్రబోర్డు తగిలించాలి. అతను తగిలించలేదు. బండి తీయాలని డ్రైవరు తొందరపెట్టాడు. ఫోర్‌మన్ గది గుమ్మంలో నిలబడి పచ్చజెండా ఊపింది అన్నే.

విచారణకు వచ్చిన అధికారి ఒకటే అడిగాడు, గుమ్మం దగ్గర్నుంచి మనిషి కనబడడా అని. అయిదో స్తంభం అడ్డమొచ్చిందన్నాడు స్కేలుబాబాయ్. పక్కనున్న ఇద్దరు ఫిట్టర్లు అవునని తలూపారు. ఒకణ్ణి పోగొట్టుకున్న ఇంట్లో రెండో ఉద్యోగం కూడా పోకూడదని వాళ్ల ఉద్దేశం. బోర్డు పెట్టకపోవడం చనిపోయినవాడి నిర్లక్ష్యమేనని రాసి, ఆ ఫైలు మూసేశారు. తమ్ముడి భార్యకు, అంటే ఆయన మరదలికి, ఆఫీసు రికార్డు గదిలో పని ఇచ్చారు.

ఆ మాట అన్నప్పుడు అది అబద్ధమని ఆయనకు తెలుసా? ఆయన్నే అడిగినా చెప్పలేడు. అధికారికి చెప్పాడు, భార్యకు చెప్పాడు, మరదలికి చెప్పాడు, అందరికంటే ఎక్కువసార్లు తనకు తాను చెప్పుకున్నాడు. చెప్పి చెప్పి, కళ్లు మూసుకుంటే చాలు, నల్లగా మసిబట్టిన ఆ స్తంభం ఎదురుగా వచ్చి నిలబడేది.

షెడ్డు మూతపడింది. గోడలు కూల్చి చదును చేశారు. ఇప్పుడక్కడ లారీలు ఆగుతున్నాయి.

రిటైరైనవాళ్లు నలుగురు ఒక హాలు అద్దెకు తీసుకుని చిన్న పట్టాలు వేసి బొమ్మరైళ్లు నడుపుతున్నారు. ఒక ఆదివారం వెళ్లి చూశాడు. వాళ్లు కొట్లో కొనుక్కొచ్చి పెట్టిన ఇంజన్ షెడ్డు చూసి నవ్వొచ్చింది.

"ఇది షెడ్డా, కోళ్లగూడా?" అన్నాడు.

అంత తెలిసినవాడివి నువ్వే కట్టివ్వు అన్నారు వాళ్లు. అలా మొదలైంది.

ముక్కలు అతికించుకునే నమూనా పెట్టె ఒక్కటి కూడా కొనలేదు. అన్నీ చేత్తోనే. అడుగుకు పావంగుళం లెక్క. నూట అరవై అడుగుల షెడ్డు నలభై అంగుళాలకు దిగింది. గోడలకు మందపాటి అట్ట తీసుకుని, మొండి సూదితో ఒక్కో ఇటుక గీత గీశాడు. ఒక్క పొడుగు గోడకే పదకొండు రోజులు పట్టింది. కొత్త చొక్కాల పెట్టెల మీద వచ్చే పల్చటి ప్లాస్టిక్ కోసి కిటికీలకు అద్దాలు చేశాడు. అల్యూమినియం రేకును దువ్వెన పళ్ల మీద పరిచి, వేలితో నొక్కితే కప్పు మీది ముడతల రేకు తయారైంది. దూలాలన్నీ అగ్గిపుల్లలే. మసికోసం పెన్సిల్ ముల్లు ఉప్పుకాగితం మీద అరగదీసి, ఆ పొడి దూదితో అద్దాడు. ఇన్నేళ్లకు ఆయన చేతులు పని దొరికిన చేతుల్లా ఉన్నాయని భార్య సంబరపడింది. భోజనాల బల్ల పూర్తిగా ఆయనకు వదిలేసి, తను వంటింట్లో పీట వేసుకుని తినేది.

కొలతలకు ఆధారం ఒక ఫోటో. ఆయన రిటైరైన రోజున షెడ్డు లోపల గోడ ముందు అందరూ నిలబడి తీయించుకున్నది. భూతద్దం పెట్టి ఇటుకలు లెక్కపెట్టి, కిటికీకి కిటికీకి దూరం తేల్చాడు. ప్రతి రెండు కిటికీలకు ఒక దూలం, ప్రతి దూలం కింద ఒక స్తంభం. ఫోర్‌మన్ గది గుమ్మం ఎనిమిదో కిటికీ కింద. గుమ్మం అతికించాడు. స్తంభాలు వరసగా నిలబెట్టాడు. నాలుగు దాకా చేతులు వాటంతటవే నడిచాయి.

అయిదోది నిలబెట్టి, గుమ్మం దగ్గర కన్ను ఆనించి చూశాడు. రెండో లైను మీద ఇంజను వెనక చక్రం చోటు ఖాళీగా, స్పష్టంగా కనబడింది. స్తంభం దానికి ఒకటిన్నర అంగుళం ఎడమకు ఉంది. అసలు షెడ్డులో అయితే ఆరడుగులు.

ఎక్కడో లెక్క తప్పింది అనుకున్నాడు. ఇటుకలు మళ్లీ లెక్కపెట్టాడు. జిగురు ఊడదీసి స్తంభాన్ని తనకు గుర్తున్న చోటికి జరిపాడు. పైనున్న దూలం దేనిమీదా ఆనక గాల్లో వేలాడింది. దూలం జరిపితే కిటికీ మధ్యలోకి వచ్చింది. కిటికీ జరిపితే గోడే మారాలి. మూడు రోజులు అదే పని. నాలుగో రోజు మైనంతో అంగుళం ఎత్తు బొమ్మ చేశాడు, మోకాళ్ల మీద కూర్చున్న మనిషిని. చక్రం పక్కన పెట్టాడు. మళ్లీ కన్ను ఆనించాడు. బొమ్మ తల, భుజాలు, చాపిన చెయ్యి, అన్నీ కనబడ్డాయి.

ఇంకొక్క ఆశ మిగిలింది. ఫోటో మోసం చేసి ఉండొచ్చు. అసలు ప్లాను కాగితం చూస్తే తేలిపోతుంది. అది ఉంటే మరదలి రికార్డు గదిలోనే ఉండాలి. షెడ్డు బొమ్మ కడుతున్నానని, ప్లాను నకలు కావాలని ఆమెకు ఫోన్‌లో చెప్పాడు. ఎందుకని ఆమె అడగలేదు.

ఆదివారం మధ్యాహ్నం వచ్చింది. ప్రతి నెలా ఒక ఆదివారం అలా రావడం, తోటికోడలితో కబుర్లు చెప్పుకోవడం, బావగారి ఆరోగ్యం కనుక్కోవడం ఆమెకు అలవాటే. ఆ రోజు భార్య బజారుకు వెళ్లింది. మరదలు సంచిలోంచి చుట్టిన కాగితం తీసి బల్ల మీద పరిచింది. నాలుగు మూలలా నాలుగు జిగురు డబ్బాలు బరువు పెట్టింది. ఆయన స్కేలు ఆనించాడు. స్కేలు రెండుసార్లు జారింది. మూడోసారి కొలిస్తే, అట్టషెడ్డులో స్తంభం ఎక్కడ నిలబడిందో ప్లానులోనూ సరిగ్గా అక్కడే ఉంది.

"స్తంభం అడ్డం లేదమ్మా," అన్నాడు. "వాడు నాకు కనబడాల్సింది. నేను చూడలేదు. చేతిలో టైముల కాగితం చూసుకుంటూ జెండా ఊపేశాను."

మరదలు ఆ మైనపు బొమ్మ వంక చూస్తూ నిలబడింది. ముట్టుకోలేదు.

"నాకు తెలుసు బావగారూ," అంది. "ఉద్యోగంలో చేరిన రెండో ఏడే ఈ ప్లాను, ఆ విచారణ ఫైలు పక్కపక్కన పెట్టుకుని చూశాను."

ఆయన ప్లాను మీంచి స్కేలు తీశాడు. మరి ఇన్నేళ్లూ ఎందుకు అడగలేదన్నాడు.

"అడిగితే మీ ఉద్యోగం పోయేది. పిల్లకి స్కూల్లో సంతకం పెట్టడానికి, నాకు జ్వరమొస్తే డాక్టరుని పిలవడానికి మీరు తప్ప మాకెవరున్నారు? అందుకని మొదట్లో ఊరుకున్నాను. తర్వాత, మీరే చెప్తారేమోనని చూశాను. నెలనెలా వచ్చింది అందుకే."

పెదనాన్న హోదాలో పిల్ల చదువుకు సలహాలిచ్చాడు. తమ్ముడికి జాగ్రత్త తక్కువని, బోర్డు పెట్టుకుని ఉంటే బతికేవాడని ఈమె ముందే ఎన్నిసార్లు అన్నాడో. ఆమె ప్రతిసారీ టీ గ్లాసు కింద పెట్టి వినేది.

రేపే ఆఫీసుకొచ్చి రాసిస్తానన్నాడు. తమ్ముడిది మాత్రమే కాదు, తనదీ తప్పేనని అందరికీ తెలియాలన్నాడు.

"ఎక్కడ రాసిస్తారు? ఆ ఫైలు గడువు దాటిందని పోయినేడాది పాత కాగితాల్లో కలిపి చించేశారు. జాబితా మీద సంతకం పెట్టింది నేనే," అంది ఆమె. ప్లాను కాగితం చుట్టుకుని, తోటికోడలు వచ్చేదాకా ఆగకుండా వెళ్లిపోయింది.

అయినా ఆయన మర్నాడు ఆఫీసుకు వెళ్లాడు. రాసుకెళ్లిన రెండు పేజీలు ఒక కుర్ర అధికారి ఓపిగ్గానే చదివాడు. ఫైలే లేనప్పుడు దీన్ని దేనికి జతచేయాలో తనకు తెలియడం లేదన్నాడు. పెద్దవారు, మనసు కష్టపెట్టుకోకండి అంటూ కాగితాలు తిరిగి చేతిలో పెట్టాడు. ఆ మర్యాద కంటే నాలుగు తిట్టినా బాగుండేదనిపించింది.

ఇంటికొచ్చి భార్యకు చెప్పాడు. ఆవిడ విని, లేచి వంటింట్లోకి వెళ్లింది. ఆ మరుసటి నెల మరదలు రాలేదు. తర్వాతి నెలా రాలేదు. హాలువాళ్లు వచ్చి, మిగిలిన కప్పు తామే అతికించుకుంటామని షెడ్డును పట్టుకెళ్లారు. మైనపు బొమ్మను మాత్రం ఆయన తీసి దాచుకున్నాడు. ఖాళీ అయిన బల్ల దగ్గర భార్య మళ్లీ ఆయనకు ఎదురుగా కూర్చుని తింటోంది. ఇద్దరి మధ్యా మాటలు బొత్తిగా తగ్గిపోయాయి.

ఒక సాయంత్రం తమ్ముడి కూతురు ఫోన్ చేసింది. ఉద్యోగం చేసే పిల్ల, ఇరవై ఏడేళ్లు. అమ్మ మీ ఇంటికి రానంటోంది, ఏమైందంటే చెప్పడం లేదు, మీరైనా చెప్పండి పెదనాన్నా అంది.

చెప్పాడు. స్తంభం సంగతి, జెండా సంగతి, ఒక్కటీ దాచలేదు. అంతా విని ఆ పిల్ల అడిగింది:

"నాన్న మిమ్మల్ని పిలిచాడా?"

ఇంజను హోరులో ఏమీ వినబడలేదని చెప్పబోయాడు. ఇరవై రెండేళ్లుగా ఎవరు అడిగినా అదే చెప్పేవాడు. మాట నాలుక దాకా వచ్చి ఆగిపోయింది. అది నిజంగా జరిగిందో, తనే కట్టుకున్నదో ఆయనకు తెలియలేదు. దీన్ని కొలిచి చూడడానికి ఏ ప్లానూ లేదు.

"తెలియదమ్మా," అన్నాడు.

ఆ పిల్ల ఫోన్ పెట్టేసింది. మళ్లీ చేయలేదు.