సున్నపు గానుగ ఉన్న జాగా

మా ఇంటి దస్తావేజులో ఒక షరతు ఉంది. కొన్నప్పుడు నేను చదవలేదు. ఎవరు చదువుతారు చెప్పండి? నాలుగు హద్దులూ సరిగ్గా ఉన్నాయా, పేర్లలో తప్పులు పడలేదు కదా అని చూసుకుని, సంతకాలు పెట్టేసి, వచ్చే దారిలో మిఠాయి కొనుక్కుని ఇంటికి వచ్చేశాం.

చిక్కడపల్లిలో లైబ్రరీ వెనక సందులో ఉంటుంది ఆ ఇల్లు. ముందు భాగం మాకు అమ్మినావిడ వెనక భాగంలోనే ఉంటుంది. నాకంటే చాలా పెద్దది, అక్కా అని పిలుస్తాను. రెండిళ్లకూ నడుమ ఉన్న ఖాళీ జాగా కూడా మేం కొన్నదే. అందులో నేలలోకి దిగిన గుండ్రటి రాతి కాలువ, దానిలో నిలబెట్టిన రాతి చక్రం ఉన్నాయి. ఒకప్పుడు అక్క వాళ్ల తాత ఆ చక్రానికి ఎద్దును కట్టి సున్నం నూరించేవాడట. సిమెంటు రాకముందు ఈ చుట్టుపక్కల లేచిన ఇళ్లలో చాలావాటికి ఆ గానుగ సున్నమే వెళ్లిందని అక్క చెబుతుంటే నేను ఊఁ కొట్టేదాన్ని. మనసులో మాత్రం, ఈ రాళ్లు పీకించేస్తే రెండు గదులు పడతాయి కదా అనుకునేదాన్ని.

ఎందుకు అనుకోను? పక్కనే అశోక్‌నగర్. కోచింగ్‌కి వచ్చిన పిల్లలు గది కోసం సందు సందూ తిరుగుతుంటారు. మా ఆయన రిటైరయ్యాక కిరాయి ఆసరాగా ఉంటుందని ఓ రోజు మేస్త్రీని పిలిచాను. టేపు పట్టి కొలుస్తుంటే అక్క వచ్చింది.

"చెల్లె, నీ కాయితం జర తీసి చూడు. గా జాగల ఏం కట్టొద్దని, గానుగ తియ్యొద్దని రాసి ఉన్నది."

తీసి చూస్తే నిజమే! నా ఒళ్లు మండిపోయింది. నా సొంత జాగాలో నాకు అడ్డేమిటి? అదే మాట నారాయణగూడలో ఒక వకీలు దగ్గరికి వెళ్లి అడిగాను. ఆయన నింపాదిగా చదివాడు.

"అమ్మా, అమ్మేశాక కొన్నవాళ్ల చేతులు కట్టేసే షరతులు మామూలుగా నిలబడవు. కానీ అమ్మినావిడ వెనక ఇల్లు తన దగ్గరే ఉంచుకుంది. ఆ ఇంటికి గాలీ వెలుతురూ రావాలని ఈ జాగా ఖాళీగా ఉంచమంది. అందుకని ఇది నిలబడుతుంది. రేపు మీ దగ్గర ఈ సంగతి తెలిసి కొన్నవాళ్లకూ చుట్టుకుంటుంది."

"గానుగ సంగతి? అదేమైనా కోటా, నవాబుల దేవిడీనా? సర్కారు జాబితాలో ఉందా?"

"ఇంటి వెనక గానుగను సర్కారు ఎక్కడ చూస్తుందమ్మా? దానికున్న రక్షణంతా ఈ కాగితమే. ఆవిడే వదులుకుంటున్నానని రాసి రిజిస్టర్ చేయిస్తే తప్ప దారి లేదు."

ఆ కాగితం కూడా రాయించుకుని అక్క దగ్గరికి వెళ్లాను. చాయ్ ఇచ్చింది. "ఒక్క సంతకం పెట్టండక్కా" అన్నాను. కాగితం చేతిలో పట్టుకుని చాలాసేపు చూసి, "వద్దు చెల్లె" అంది. అంతే, నాకు తిక్క రేగింది. "మనుషుల కంటే రాళ్లే ఎక్కువైతే మీ గానుగను మీరే నెత్తిన పెట్టుకుని ఊరేగండి!" అని కాగితం లాక్కుని, చాయ్ అలాగే వదిలేసి వచ్చేశాను. ఏడాది పాటు ఆవిడ ఎదురొస్తే మొహం తిప్పుకున్నాను. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

ఆ ఏడాదే వానాకాలంలో మా మిద్దె కురవడం మొదలుపెట్టింది. రెండుసార్లు సిమెంటు పూయించాం, రెండుసార్లూ పెచ్చులుగా లేచిపోయింది. దూలాలు నాని నల్లబడ్డాయి. ఇల్లు కూల్చుకోవడమే నయమని ఒకాయన చెప్పి వెళితే ఆ రోజు నాకు అన్నం సహించలేదు. చివరికి దోమలగూడ నుంచి ఒక ముసలి మేస్త్రీ వచ్చి, మిద్దె ఎక్కి కర్రతో తట్టి చూశాడు.

"సున్నం మిద్దెకు సిమెంటు పట్టదమ్మా. గానుగ సున్నం గావాలె" అంటూనే పైనుంచి కిందికి చూశాడు. "అరె, ఇంటెనక గానుగ వెట్టుకొని గింత పరేషాన్ ఏంది?"

అక్కే వచ్చింది, పిలవకుండానే. సున్నానికి ఇసుక ఎంత, బెల్లం ఎంత, కరక్కాయల నీళ్లు ఎప్పుడు పోయాలి, అన్నీ తాత దగ్గర చూసిందట. కూలీలిద్దరు కర్ర పట్టి చక్రం తిప్పుతుంటే కుర్చీ వేసుకుని కూర్చుని, "మెత్తగ నూరుండ్రి, ఇంక మెత్తగ" అని గదమాయించింది. మరుసటి వానలకు ఇంట్లో ఒక్క చుక్క పడలేదు. ఇల్లు నిలబడింది. ఆవిడ రుణం నేనెలా తీర్చుకోగలను?

ఆ మాటే అన్నాను. "మీరు ఆ రోజు గట్టిగా నిలబడ్డారు కాబట్టి సరిపోయిందక్కా. లేకపోతే ఈ గానుగ ఏ చెత్తలారీలోనో వెళ్లిపోయేది."

అక్క నవ్వింది. "ఏం గట్టి చెల్లె! నువ్వు యాడ మాట బందు వెడతవో అని నా పానం గుంజింది. గా రోజు నువ్వు ఇంకొక్కసారి అడిగితే సంతకం పెట్టేస్తుంటి. నువ్వేమో కాయితం గుంజుకొని పోతివి."

నా కోపంతో నేను పాడుచేసుకున్నవి చాలా ఉన్నాయి. ఆ కోపానికి దండం పెట్టుకున్నది మాత్రం అక్క ఆ మాట చెప్పిన ఆ ఒక్కరోజే.