అమ్మ చెప్పిన సాక్ష్యం

మొన్న మా చెల్లెలి మనవరాలు, నంద్యాలలో లా చదువుతున్న పిల్ల, కొత్త చట్టాల పుస్తకాలు తెచ్చి నా మంచం మీద పరిచి, హత్యకు ఇప్పుడు సెక్షన్ మూడు వందల రెండు కాదవ్వా, నూట మూడు అని నాకే పాఠం చెప్పింది. మా ఈడు వాళ్ల నోట్లో నానిన ఆ పాత అంకె పోయిందని వినగానే, నేను అదే ఊరిలో చదువుకున్న రోజులు, మరవాలనుకున్నవే, కళ్ల ముందుకొచ్చాయి.

మాది ఆళ్లగడ్డ. నేను ఇంటర్ చదువుతుండగా కాలువ నీళ్ల తగాదాలో మా నాయనను పొలం గట్టు మీద నరికి చంపారు. సద్ది తీసుకుపోయిన అమ్మ ఒక్కతే కళ్లారా చూసింది, కోర్టులో చూసింది చూసినట్టు చెప్పింది, అయినా ముద్దాయిలను వదిలేశారు. తన మాటల్లో ఏదో తప్పు దొర్లిందని, అది చదువుకున్నవాళ్లకు తెలుస్తుందని అమ్మ నమ్మకం. నన్ను లా కాలేజీలో చేర్పించింది అందుకే. రోజూ నేను నంద్యాల బస్సు దిగి ఇంట్లో కాలు పెడుతూనే, "నేను యాడ తప్పు చెప్పినానో మీ సార్లు చెప్పినారా పాపా?" అని అడిగేది.

రెండో ఏడు సాక్ష్య చట్టం చెప్పడానికి పేరున్న ప్లీడరు ఒకాయన వచ్చేవారు. ముద్దాయిల తరఫున వాదించింది ఆయనేనని నాకు తెలుసు, నేనెవరో ఆయనకు తెలియదు. ఒకరోజు క్రాస్ ఎగ్జామినేషన్ గురించి చెబుతూ, మంచి హుషారులో, ఆళ్లగడ్డ ఆడమనిషి ఒకామెను తాను ఒక్క ప్రశ్నతో ఎలా పడగొట్టారో నటించి చూపించారు. "నీ మొగుడు పడిపోతాంటే నువ్వు యాడ చూస్తాంటివమ్మా, వాని మొగమా, నరికేటోళ్ల మొగమా?" అని మెత్తగా అడిగి, వెంటనే నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నట్టు చెయ్యి పెట్టుకుని, "నా మొగున్నే చూస్తాంటి సామీ" అని మా అమ్మలా ఏడ్చారు. నరికినవాళ్లను చూడలేదని ఆమే ఒప్పుకున్నట్టు గదా అనేసరికి తరగతి మొత్తం బల్లలు చరిచి నవ్వింది.

నేను లేచి, ఆమె మా అమ్మ సార్ అన్నాను. నవ్వు ఆగింది. ఆయన మాత్రం తడబడలేదు. "అయితే ఇట్ల రామ్మా. ఆమె ఏం చెప్పింటే కేసు నిలిచేదో నువ్వు చెప్పు" అని నన్ను అందరి ముందూ సాక్షిలా నిలబెట్టారు. నరికేవాళ్ల మొహాలే చూశానని చెప్పాలి సార్ అన్నాను.

"చూసినారా, తల్లికి రాని అబద్ధం బిడ్డకు వచ్చేసింది! మంచి ప్లీడరు అవుతావు పో" అన్నారాయన. ఆగిన నవ్వు మళ్లీ మొదలైంది. నా పక్కన కూర్చునే స్నేహితురాలు కూడా తల దించుకుని నవ్వింది.

ఆ సాయంత్రం అమ్మ మామూలుగానే అడిగింది. మొదటిసారి నా దగ్గర జవాబు ఉంది. చచ్చిపోతున్న మొగుడి మొహం చూడటమే నీ తప్పు అని ఏ నోటితో చెప్పను? తప్పేమీ లేదమ్మా, నిజమే చెప్పినావ్ అన్నాను. అమ్మ నన్ను ఎగాదిగా చూసి, "నిజం చెప్తే వాళ్లనెట్ల ఇడుస్తారు? నీకింకా సదువు రాల్యా" అని లోపలికి వెళ్లిపోయింది.

తల నెరిసేదాకా నేను కోర్టులోనే ఉన్నాను. ఆ ప్లీడరుకు ఎదురుగా వాదించి గెలిచిన కేసులూ ఉన్నాయి, అమ్మకు అవేవీ పట్టలేదు. మా చర్చిలో ఆదివారం నాడు లేచి, దేవుడు తమకు చేసిన మేలు నలుగురిలో చెప్పుకోవడాన్ని కూడా సాక్ష్యమనే అంటారు. నాయన ఉన్నప్పుడు అందరికంటే ముందు లేచేది అమ్మే. కోర్టుకు పోయివచ్చాక, చనిపోయేదాకా, మళ్లీ సాక్ష్యం చెప్పడానికి లేవలేదు. ఇప్పుడు సాక్షిని వెక్కిరిస్తే జడ్జీలే కసురుతున్నారు, చర్చిలో ఆడపిల్లలు మైకు పట్టుకుని బెదురు లేకుండా మాట్లాడుతున్నారు, వింటుంటే సంతోషంగానే ఉంటుంది. కానీ పాస్టరుగారు సాక్ష్యం చెప్పేవాళ్లు ఇంకెవరైనా ఉన్నారా అని అడిగినప్పుడల్లా, ఆడవాళ్ల వైపు చివరి చాప మీద అమ్మ ఉందేమోనని తిరిగి చూస్తాను. చాపలు పోయి చాలా కాలమైంది, అన్నీ ప్లాస్టిక్ కుర్చీలే.