జబ్బుపడ్డ కంప్యూటరుకు పరామర్శ

కంప్యూటర్ల గురించి నర్సీపట్నంలో నాకు తెలిసినంత ఇంకెవరికీ తెలియదని ఆ రోజుల్లో నాకు గట్టి నమ్మకం. ఇంకెవరికీ ఆ నమ్మకం లేకపోయినా నాకేం లోటు రాలేదు. రెండువేల సంవత్సరం దాటాక, ఆ దశకం చివర్లోని మాట ఇది. పెళ్లికార్డులు, జీడిపప్పు సంచుల లేబుళ్లు, చర్చి పుస్తకాలు అచ్చువేసే చిన్న కంపెనీలో ఆరు కంప్యూటర్లను వైర్లతో కలిపి, నా పేరు కింద 'సిస్టమ్స్ ఇన్‌చార్జి' అని నేనే కార్డు కొట్టుకున్నాను. అచ్చు ఖర్చు కంపెనీదే.

మా యజమానిని అందరూ మాస్టారనే పిలిచేవారు. మిషన్ బడిలో పాఠాలు చెప్పి రిటైరయ్యాక ఆ ప్రెస్సు పెట్టారు. కొయ్యూరు కొండల్లోని చిన్న చిన్న చర్చిల్లో పాడుకునే పాటలు పుస్తకంగా రావాలని ఆయన కోరిక. ఆదివారాలు ఆ ఊళ్లకు వెళ్లి, పెద్దవాళ్ల చేత పాడించుకుని, చిత్తుకాగితాల మీద రాసుకొచ్చి, తన కంప్యూటర్లో ఒక్కో అక్షరం వెతుక్కుంటూ కొట్టేవారు. కొట్టడం అయ్యాక ఆ కాగితాలు చింపేసేవారు. కాగితాన్ని చెద తింటుంది గానీ కంప్యూటర్ని తినదని ఆయనకు చెప్పిన మహానుభావుణ్ని నేనే.

సగం పుస్తకం ప్రూఫు తీశాం. మిగతా సగం ఒకే ఒక్క అవ్వ పాడిన పాటలు. ఆవిడ ఆ ఏడు వానల్లో పోయింది. ఆ పాటలు మాస్టారి కంప్యూటర్లో తప్ప లోకంలో ఇంకెక్కడా లేవు.

ఒకరోజు పొద్దున్న పాయకరావుపేట నుంచి ఒకాయన పెళ్లికార్డు మేటరు పెన్‌డ్రైవ్‌లో తెచ్చాడు. బలిఘట్టం నుంచి రోజూ ఆటోలో వచ్చే మా ఆపరేటరమ్మ దాన్ని తన కంప్యూటర్లో పెట్టి, అందులో కనిపించిన ఫైలు నొక్కింది. కార్డు రాలేదు. పైగా ఆవిడ పాత ఫైళ్లు కూడా తెరుచుకోవడం మానేశాయి. తెరమీద ఇంగ్లీషులో ఒక హెచ్చరిక వచ్చింది. మీ ఫైళ్లకు తాళం వేశాం, డాలర్లు పంపితే తాళంచెవి ఇస్తాం అని.

"ఇదేటండీ బాబూ, డాలర్లంటాడు! ఈడెవుడు?" అంది ఆవిడ.

ఎవడో నాకూ తెలియదు. నర్సీపట్నంలో డాలరు ఎక్కడ దొరుకుతుందో అంతకన్నా తెలియదు. అయినా తెలిసినట్టే తల ఊపాను.

మా వైపు ఎవరికైనా జ్వరమొచ్చిందంటే వెళ్లి చూసి రావాల్సిందే. వెళ్లకపోతే ఏళ్ల తరబడి మాట పడాలి. వెళ్లినవాళ్లు ఊరికే కూర్చోరు, చెయ్యి పట్టుకుని చూస్తారు, తలో మందూ చెబుతారు. ఆ మర్యాద మా ఆఫీసువాళ్లు కంప్యూటరుకు కూడా దక్కించారు. అందరూ ఆవిడ కుర్చీ చుట్టూ మూగారు. "నా దాంట్లో తెరుసుకుంటాదేమో సూస్తానుండండి" అంటూ ఎవరి సీటుకు వాళ్లు పోయి, వైరు గుండా అదే ఫైలును తమ తమ కంప్యూటర్లలో నొక్కి చూశారు. మాస్టారు పెద్దమనిషి, ఆయన మాత్రం పరామర్శించకుండా ఎలా ఉంటారు? ఆయనా నొక్కారు. నేను మధ్యలో నిలబడి, "ఊఁ, చూడండి, చూడండి" అని ప్రోత్సహించాను. కోతి పుండు బ్రహ్మరాక్షసి అయ్యే పద్ధతి అంతా నా పర్యవేక్షణలోనే జరిగింది.

కాసేపటికి ఆపరేటరమ్మ కంప్యూటర్లో ఫైళ్ల పేర్లు మా కళ్లముందే ఒకటొకటిగా మారిపోవడం గమనించాను. ఇది వైర్ల గుండా పాకే రకమని అర్థమైంది. ఒక్క అంగలో వెళ్లి, వైర్లన్నీ కలిసే పెట్టెలోంచి అన్నిటినీ పీకేశాను. ఎంత హాయిగా అనిపించిందో చెప్పలేను. టీ తెప్పించుకుని, అంటువ్యాధిని ఎలా కట్టడి చెయ్యాలో ఉపన్యాసం మొదలుపెట్టాను.

ఉపన్యాసం సగంలో ఉండగా లేబుళ్ల కంప్యూటరు తెరమీద కూడా డాలర్ల హెచ్చరిక వచ్చింది. ఆ పక్కదానిమీద కూడా వచ్చింది. అప్పటికి వెలిగింది నాకు. చూడ్డానికి వెళ్లిన ప్రతివాళ్లూ జబ్బును ఇంటికి మోసుకొచ్చేశారు. ఇక వైరుతో దానికి పనిలేదు.

"మెయిన్ ఆపేయండి!" అని అరిచి, నేనే పరిగెత్తి ఆపేశాను. ఫ్యాన్లు ఆగాయి. ట్యూబ్‌లైట్లు ఆరాయి. పక్కగదిలో అచ్చుమిషను ఆగింది. కంప్యూటర్లు మాత్రం చక్కగా నడుస్తూనే ఉన్నాయి. కరెంటు పోయినా అవి ఆగకూడదని, మాస్టారితో దెబ్బలాడి మరీ బ్యాటరీలు పెట్టించినవాణ్ని నేనే. అందరికీ శకునం చెప్పే బల్లి కుడితిలో పడ్డట్టయింది నా పని.

"బటన్లు నొక్కి పట్టుకోండి! ఎవరిది వాళ్లు ఆపేయండి, బేగి!" అని కేకలు పెట్టాను. ఆ మసకచీకటిలో అందరూ తలో బటనూ నొక్కి పట్టారు. ఒక్కొక్క తెరా ఆరిపోయింది, మాస్టారిది తప్ప.

ఆయన కళ్లజోడు సర్దుకుని, మౌసుతో మెల్లగా తెర మూలకు వెళ్లి, దానిమీద తెరిచి ఉన్న కిటికీలు ఒక్కొక్కటే మూస్తున్నారు.

"మాస్టారూ, బటన్ నొక్కేయండి!"

"అలగ నొక్కితే పాడైపోద్దని నువ్వే కదా సెప్పావు, బాబూ" అన్నారు ఆయన, చెయ్యి ఆపకుండా.

నిజమే. వచ్చిన కొత్తలో ఆ తప్పు చేస్తే పదిమందిలో ఆయనకు పాఠం చెప్పాను. ఆయన మంచి విద్యార్థి. నేను అడ్డంపడి బటన్ నొక్కేసరికి ఆ జబ్బు తన పని పూర్తిచేసేసింది. తర్వాత డిస్కు విప్పి, ఎన్ని తంటాలు పడ్డా, అవ్వ పాటల్లో ఒక్కటీ తెరుచుకోలేదు.

ఆయన నన్ను తిట్టి ఉంటే బాగుండేది. కుర్చీ వెనక్కి జరిపి, "కాగితాలు అట్టుకురా. గురుతున్నంతమట్టుకు పాడతాను, నువ్వు రాయి" అన్నారు. ఆయన పాడుతుంటే సిస్టమ్స్ ఇన్‌చార్జి కింద కూర్చుని పెన్నుతో రాశాడు. పాటలన్నీ వచ్చాయి. ఒక్క పాటలో చివరి చరణం మాత్రం రాలేదు. ఆయన కళ్లు మూసుకుని పల్లవి పాడి, మళ్లీ పాడి, అక్కడికి రాగానే ఆగిపోయేవారు. చివరికి కళ్లజోడు తీసి కళ్లు తుడుచుకున్నారు. నాకు ఏడుపొచ్చింది. టీగ్లాసులు సర్దుతున్నట్టు బయటికి పోయాను.

తర్వాత ఆదివారం ఇద్దరం ఆ అవ్వ ఊరికి వెళ్లి అడిగాం. "అది ఆవిడకొక్కర్తికే వచ్చునండి. మేం పల్లవి అందుకునీవాళ్లం, అంతే" అన్నారు వాళ్లు.

పుస్తకంలో ఆ చరణం చోటు మాస్టారు ఖాళీగా వదిలేశారు. వేరే మాటలు పెట్టి పూడ్చనివ్వలేదు. పుస్తకం విడుదల రోజున ఆ ఊరి చర్చిలో ఆ పాట మొదలుపెట్టారు. ఖాళీ దగ్గరకు వచ్చేసరికి, ఎవరూ చెప్పకుండానే, అందరూ ఒక చరణం పాడేంతసేపూ ఊరుకుని, మళ్లీ పల్లవి అందుకున్నారు. ఇప్పటికీ అక్కడ అలాగే పాడతారు.

నా గొంతు ఎంత ఘోరమో మా ఇంట్లో ఎవరినడిగినా చెబుతారు. ఆ పుస్తకంలో నేను తప్పు లేకుండా పాడగలిగింది ఆ ఒక్క చరణమే.