మా ఇళ్ళు పోగొట్టిన పరుపుల బావ

పరుపుల బావ పోయాడు. ఫోన్ చేసి చెప్పింది మా ఎదురింటి వదిన. "పోయాడయ్యా, మన కొంపలు మింగినోడు" అంది. అని, ఏడ్చింది. ఆమెకిప్పుడు ఆ ఇల్లు లేదు, నాకూ లేదు. గుంటూరు చివర మా పేట ఉన్నచోట హైవే పడింది. మమ్మల్ని తీసుకెళ్ళి ఊరికి దూరంగా కాలనీలో పడేశారు. అందుకు కారణం బావే. చచ్చిపోయాడు కదా అని ఆ మాట మార్చను.

బావంటే చుట్టం కాదు, గోడ పక్క గోడ. ఆయన సాయిబు, దూది ఏకి పరుపులు కుట్టేవాడు. నేను మిర్చి యార్డులో బస్తాలు మోసేవాణ్ణి. వీధిలో ఒకవైపు వదినా వాళ్ళూ మిరపకాయలకు తొడిమలు తీస్తుంటే, ఇంకోవైపు ఆయన విల్లు మోగిస్తూ దూది ఏకేవాడు. దూది ఎగిరి కాయల మీద పడేది, కారం దుమ్ము దూదిలో పడేది. రోజూ తగువే. ఒకసారి ఓ పెళ్ళివారి పరుపులోకి ఆ కారం చేరి, కొత్త అల్లుడు తెల్లవార్లూ తుమ్ముతూనే ఉన్నాడట. పిల్ల తండ్రి మీదికొచ్చాడు. బావ కూర్చున్నచోటి నుంచి లేవలేదు. "గుంటూరు పరుపండీ. అల్లుడుగారికి ఆ మాత్రం ఘాటు తగలకపోతే మీకేం మర్యాద?" అన్నాడు.

అన్నాడే గానీ పరుపు విప్పి, దూదంతా మార్చి, మళ్ళీ కుట్టాడు. దాని మీద పడుకుని చూశాకే పంపించాడు. "చెయ్యి అబద్ధం చెబుద్దిరా, వీపు చెప్పదు" అనేవాడు.

మా అమ్మ పోయినప్పుడు మావాళ్ళు మొహం చిట్లిస్తున్నా పాడెకు ఒక పక్క ఆయనే భుజం పట్టాడు. "మీ పద్ధతులు నాకు తెలవ్వు బామ్మర్దీ. బరువు తెలుసు" అన్నాడు.

తర్వాత రోడ్డు కొలిచేవాళ్ళు వచ్చారు. అటు జరిపితే సాయిబుల గోరీల దొడ్డి పోతుంది, ఇటు జరిపితే మా వీధి పోతుంది. దొడ్డి పెద్ద ఒప్పుకుంటే అటే జరుపుతామన్నారు. ఆ పెద్ద బావే. వీధంతా వెళ్ళి ఆయన మీద పడ్డాం.

"మనం లేచి ఎటన్నా పోతాం. వాళ్ళెట్టా పోతార్రా?" అన్నాడు.

"పెళ్ళాం గోరీ కోసం మమ్మల్ని బజార్న పడేస్తావా?" అని వదిన మట్టెత్తి పోసింది.

"నా కొంపా కూలుద్ది గదమ్మా."

కూలింది. యంత్రం మొదట ఆయన గోడ మీదికే వచ్చింది. ఎవరూ జాలిపడలేదు. నేనూ పడలేదు.

కాలనీలో ఆయనతో ఎవరూ మాట్లాడలేదు. పరుపు కుట్టమని అడిగినవాళ్ళూ లేరు. మోసే దిక్కు లేకుండా పోతానేమోనని ఆయన భయం. ఒకసారి టీకొట్టు దగ్గర నన్ను ఆపి, "ఒరే బామ్మర్దీ, నేను పోతే భుజం పడతావా?" అని అడిగాడు.

"పట్టను. ఆటోలో పో."

"శవాన్ని ఆటోవాడు ఎక్కించుకోడురా" అని గ్లాసు కిందపెట్టి వెళ్ళిపోయాడు.

కబురు విని వెళ్ళాను. క్షమించి కాదు. మా అమ్మను మోసినవాణ్ణి మోయకుండా ఉండటం నాకు చేతకాదు. వెళ్ళేసరికి వీధి మగవాళ్ళంతా అక్కడే ఉన్నారు, ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా.

పాత పేట దాకా వ్యానులో తెచ్చి, అక్కడ జనాజా భుజాలకెత్తాం. గోరీల దొడ్డి రోడ్డుకు అవతల. దాటడానికి దగ్గర్లో సందే లేదు. డివైడర్ మీదుగా చేతులు మార్చుకుంటూ దాటించాం. వదిన రోడ్డుకు అడ్డం నిలబడి లారీలు ఆపింది. "ఆగరా! శవం కనబళ్ళా? కళ్ళు నెత్తికెక్కినయ్యా?" అని అరిచింది. ఆయన్ని తిట్టిన గొంతే అది.

ఆయన కాపాడుకున్న దొడ్డిలోనే, భార్య పక్కన పెట్టాం. మట్టి వేశాం.

తిరిగొచ్చేటప్పుడు మాకోసం ఏ లారీ ఆగలేదు. సగం దాటి డివైడర్ మీద ఇరుక్కుపోయాం, అందరం ముసలివాళ్ళమే. ఒక డ్రైవరు తల బయటపెట్టి, "ఏం ముసలోళ్ళూ, చావడానికి ఇంకెక్కడా చోటు దొరకలేదా?" అని అరిచి పోయాడు. మేం నిలబడింది, నాకు తెలిసి, కూలిన బావ ఇంటి వసారాలో. దుమ్ముకు కళ్ళు మూసుకుని అక్కడే నిలబడ్డాం.