మూత తీసే చెయ్యి

ఊళ్ళో సగం మందిని పైకెక్కించి కిందికి దించే మనిషి, తను మాత్రం రోజూ మూడంతస్తుల మెట్లు కాళ్ళీడ్చుకుంటూ ఎక్కుతాడు. లిఫ్టులు బాగుచేసేవాడు కాపురముండే మేడకి లిఫ్టు లేదు. "ఏం లిఫ్టాయనా, ఇవాళా నడకేనా?" అని కింద ఇస్త్రీ కొట్టు ఆయన అడగని రోజుండదు. "మెట్లకి రిపేరు రాదు కదండీ, అదే సుఖం" అని జవాబు చెప్పని రోజూ ఉండదు. ఆ ప్రశ్నా ఈ జవాబూ అరిగిపోయాయి గానీ, ఇద్దరికీ అవి లేకపోతే సాయంత్రం అయినట్టుండదు.

అతని పనిముట్ల సంచీలో రెంచీలకంటే, టెస్టరుకంటే ముందు చేతికి తగిలేది ఒక రేకు ముక్క. ఎర్ర రంగు మీద తెల్ల అక్షరాలు: "మనుషులు పనిలో ఉన్నారు. ముట్టుకోవద్దు." పైన తీగ కట్టి ఉంటుంది. అతను పని నేర్చుకునే రోజుల్లో, లిఫ్టు పెట్టె పైకప్పు మీద కూర్చుని తీగలకి గ్రీజు పూస్తుంటే, కింద ఎవరో తొందరమనిషి మీట నొక్కాడు. పెట్టె కదిలింది. గురువు చొక్కా పట్టుకుని లాగబట్టి గానీ లేకపోతే ఈ కథ చెప్పుకునే పనే ఉండేది కాదు. ఆ రోజు నుంచీ ఏ మేడకి వెళ్ళినా ముందు ఆ రేకు తగిలించాలి, తర్వాతే సంచీ విప్పాలి. దేవుడి ముందు చెప్పులు విడిచినంత నిష్ఠ అది.

భార్య బస్సు కండక్టరు. మొదటి బస్సు ఆమెది, మొదటి డ్యూటీ ఇతనిది. తెల్లవారకముందే ఇద్దరూ గడప దాటాలి. ఆ వేళకి ఒకరి ముఖం ఒకరు చూసుకుని పలకరించుకునే ఓపికే ఉండదు, ఇక పొయ్యి ముందు నిలబడేదెవరు? అందుకని ఆదివారం పొద్దెక్కాక లిఫ్టాయన స్లో కుక్కర్ తీస్తాడు, సన్నసెగ మీద గంటల తరబడి ఉడికించే కరెంటు కుండ. నాలుగైదు రోజుల ఫలహారం ఒక్కసారే వండి, డబ్బాల్లో సర్ది, ఫ్రిజ్‌లో పెట్టేస్తాడు. వండేది ఓట్స్.

ఓట్స్ అనగానే వేడినీళ్ళు తగిలితే జావయిపోయే రేకులు గుర్తుకొస్తే పొరపాటు. ఇవి గింజని ముక్కలుగా నరికినవి, చూడ్డానికి నూకల్లా ఉంటాయి, పళ్ళకి కాస్త పని చెబుతాయి. ఒకప్పుడు వీటిని గుర్రాలకి పెట్టి, మనుషులు పక్కన నిలబడి చూసేవాళ్ళట. గుర్రం బలం చూసి ఎవడికో అసూయ పుట్టి ఉంటుంది, లేకపోతే మన కంచాల్లోకి ఎందుకొచ్చేవి! ముందు కాస్త వెన్నలో దోరగా వేయించాలి. పచ్చి వాసన పోయి, వేయించిన వేరుశనగ లాంటి కమ్మదనం వస్తుంది. పింగాణీ గిన్నె లోపల అంచుల దాకా వెన్న రాయాలి, లేకపోతే తర్వాత గీకలేక చావాలి. పాలు ముందే పోస్తే విరుగుతాయి, కాబట్టి నీళ్ళే. దాల్చినచెక్క, ఆపిల్ ముక్కలు, గుప్పెడు ఎండుద్రాక్ష, చిటికెడు ఉప్పు. ఉప్పెందుకని అడిగేవాళ్ళుంటారు. ఆ చిటికెడు లేకపోతే ఎంత తీపి వేసినా చప్పగానే ఉంటుంది. మూత పెట్టి, సన్నసెగ మీట తిప్పి, ఇక దాన్ని మర్చిపోవాలి.

ఆ మర్చిపోవడమే అసలు వంట. నిప్పుల్లో కుండ పాతిపెట్టి పొలానికి వెళ్ళిపోయినవాళ్ళూ, గడ్డి కుక్కిన పెట్టెలో గిన్నె దాచి ప్రయాణం కట్టినవాళ్ళూ చాలా దేశాల్లో ఉండేవాళ్ళు. వాళ్ళందరికీ తెలిసింది ఒకటే. మూత తీస్తే, గంటలు గంటలు కూడబెట్టుకున్న వేడి ఒక్క నిట్టూర్పులో పోతుంది.

ఈ సంగతి తెలిసీ ఒప్పుకోలేని మనిషి ఆ ఇంటికి రెండు నెలల కిందట వచ్చింది. అతని అత్తగారు.

ఆమె బతుకంతా ఒక ఆసుపత్రి క్యాంటీన్‌లో గడిచింది. స్నానాల గంగాళమంత గిన్నెలు, భుజం ఎత్తు గరిటె. అడుగంటితే వార్డులన్నీ పస్తులే, కాబట్టి కలుపుతూనే ఉండాలి. డాక్టర్లూ ఆయాలూ అందరూ ఆమెని గరిటమ్మ అనే పిలిచేవాళ్ళు. ఆ ఆసుపత్రి లిఫ్టు దగ్గర పని నేర్చుకున్న కుర్రాడే ఇప్పటి లిఫ్టాయన. తల్లి లేని పిల్లాడని తెలిసి, ఆమె అతని కంచంలో అడుగున ఉన్న చిక్కటిది వేసేది. "నీ చేతి తిండి కోసమే నన్ను చేసుకున్నాడమ్మా ఈయన, నా మీద ప్రేమా దోమా ఏం కాదు" అని కూతురు ఇప్పటికీ దెప్పుతుంది. అతను కాదనడు.

క్యాంటీన్ మూతపడింది, మోకాళ్ళు మొరాయించాయి, గరిటమ్మ కూతురింటికి వచ్చింది. ఆ ఇంట్లో ఆమెకి పని లేదు. కూతురూ అల్లుడూ పొద్దున్నే ఆమె నిద్ర చెడుతుందని చెప్పులు చేత్తో పట్టుకుని, దొంగల్లా బయటపడతారు. ఆమె వాటా ఓట్స్‌లో మాత్రం వేడి పాలు కలిపి, ఫ్లాస్కులో పోసి, మంచం పక్కన పెట్టి వెళ్తాడు అల్లుడు. జీవితమంతా కోడి కంటే ముందు లేచిన మనిషి ఆ వేళకి నిద్రపోతుందా? పాపం, వాళ్ళు మొహమాటపడతారని కళ్ళు మూసుకుని పడుకునేది.

మిగిలింది ఆదివారం కుక్కరు. "ఇదేం కుండ నాయనా? ఈల వెయ్యదు, ఉడికిన చప్పుడు చెయ్యదు. మూగకుండ!" అని దాని చుట్టూ తిరిగేది. మూత తీసేది, కలిపేది, మూత పెట్టేది. నాలుగడుగులు వేసి మళ్ళీ వచ్చేది. అల్లుడు "అత్తయ్యా, దానికి కలపక్కర్లేదు" అంటే "అయ్యో, మర్చిపోయా" అని నాలుక కరుచుకుని, అతను అటు తిరగగానే మళ్ళీ తీసేది. మొన్నటి ఆదివారం అలా మూత కుదురుగా ఉన్న పూటే లేదు. సాయంత్రానికి కుండలో పైన జిగురు, లోపల పలుకు. ఆ వారమంతా ముగ్గురూ కటకటా నమిలారు.

"అమ్మా, దవడలు పీకుతున్నాయే. బస్సులో విజిల్ ఊదబోతే గాలి తప్ప చప్పుడు రావట్లేదు" అంది కూతురు నవ్వుతూ.

తల్లి నవ్వలేదు. రెండు రోజులాగి, "వచ్చే సోమవారం పొద్దున నీ బస్సులోనే మా చెల్లెలి దగ్గరికి వెళ్ళిపోతానే" అంది.

"ఏమైందిప్పుడు? ఏదో జోకేశాను కదా!"

"జోకుకేం గాని... ఇక్కడ నాకేం పనుంది? చెయ్యడానికి పని లేదు, చేసిన పనేమో చెడుతోంది."

లిఫ్టాయన ఆ మాట విన్నాడు. తల్లి చేతి ముద్ద ఎలా ఉంటుందో ఈవిడ వల్లే తెలుసుకున్నవాడు. ఎలాగైనా ఆపాలి. కానీ మాటలతో ఆపడం అతనికి చేతకాదు. మెకానిక్ బుర్ర మెకానిక్ లాగే ఆలోచించింది: ఓట్స్ చెడ్డాయి కాబట్టి ఆవిడ మాట పడింది, మాట పడింది కాబట్టి వెళ్తానంటోంది, ఈ ఆదివారం ఓట్స్ చెడకపోతే ఇక గొడవే లేదు. ఎక్కడ లోపముందో తెలిశాక బాగుచేయడం ఎంతసేపు?

ఆదివారం వచ్చింది. ఓట్స్ వేయించి, అన్నీ వేసి, మూత పెట్టాడు. ఇంతలో ఫోను. ఎక్కడో లిఫ్టు ఇద్దరు మనుషులతో మధ్యలో ఆగిపోయిందట. సంచీ తీసుకుని పరిగెత్తబోతూ గుమ్మంలో ఆగాడు. వెనక్కొచ్చి, సంచీలోంచి ఎర్ర రేకు తీసి, కుక్కరు మూత పిడికి తగిలించాడు. తన కోసం సంచీ అడుగున ఉన్న పాత అట్ట బోర్డు సరిపోతుందనుకున్నాడు. మంచిది కుండకిచ్చి, ధీమాగా మెట్లు దిగాడు.

తిరిగొచ్చేసరికి ఇల్లంతా దాల్చినచెక్క వాసన. మూత తీశాడు. ఓట్స్ మెత్తగా విచ్చుకుని, ఆపిల్ ముక్కలు కనీకనపడకుండా కరిగి, వెన్నముద్దలా ఉంది. ఇంత బాగా ఎన్నడూ కుదరలేదు.

"అత్తయ్యా! రండి, చూద్దురుగాని!"

అత్తగారు ముందు గదిలో మంచం అంచున కూర్చుని ఉంది. కాళ్ళ దగ్గర సర్దిన సంచీ.

"నేను ముట్టుకోలేదు నాయనా," అంది నెమ్మదిగా. "బోర్డు పెట్టావుగా. చదువుకున్నాను. మనుషులు పనిలో ఉన్నారట. మనుషులెక్కడ? అందులో ఓట్సే ఉన్నాయి."

డ్యూటీ దిగి వచ్చిన భార్య సంగతి విని, అతన్ని వంటింట్లోకి లాక్కెళ్ళి, పళ్ళు నూరింది. "మీకసలు బుద్ధుందా? మా అమ్మకి బోర్డు పెడతారా? రేపు నాకూ పెడతారేమో, టికెట్ లేనిదే ఎక్కరాదని!"

"అది కాదే... ఆ రేకు నేను ఎక్కడ పడితే అక్కడ పెట్టను. నీకు తెలుసు కదా."

"నాకు తెలుసు. ఆవిడకి తెలుసా?"

చెప్పాలనుకున్నాడు. గుమ్మం దాకా వెళ్ళి తల గోక్కుని వెనక్కొచ్చాడు. ఓట్స్ డబ్బాల్లో సర్ది ఫ్రిజ్‌లో పెట్టాడు. ఎంత బాగా కుదిరిందో అంత దిగులుగా సర్దాడు.

సోమవారం పొద్దున ఎవరూ చెప్పులు చేత్తో పట్టుకోలేదు. అత్తగారు ముందే తలదువ్వుకుని, సంచీ గుమ్మం దగ్గర పెట్టి, వంటింటి తలుపుకి చేరబడి నిలబడింది. లిఫ్టాయన మూతి ముడుచుకుని ఫ్రిజ్‌లోంచి డబ్బా తీశాడు. వెన్నముద్దలా ఉన్నదల్లా చలికి బిగిసి, అద్దాలకి పెట్టే లప్పంలా తయారైంది. చెంచా గుచ్చితే నిలువునా నిలబడింది. ఒక చెక్క పెకలించి గిన్నెలో వేసుకుని, సింకు దగ్గర నిలబడే కొరికాడు.

"ఏం చేస్తున్నావు?"

"తింటున్నా అత్తయ్యా."

"దాన్నా? అలాగా?"

"రోజూ ఇంతే. మైక్రోవేవ్‌లో పెడితే అంచులు కాలి మధ్యలో చల్లగా ఉంటుంది. ఎందుకొచ్చిన గొడవని..."

"మరి నాకు ఫ్లాస్కులో పెట్టేది మెత్తగా ఉంటుందే?"

"నీది ఈయన వేరేగా కలుపుతారమ్మా. మాకంత టైమెక్కడిది?" అంది కూతురు, తన చెక్క తను కొరుకుతూ.

గరిటమ్మ కూతుర్ని చూసింది, అల్లుణ్ణి చూసింది. ఇద్దరూ సింకు దగ్గర నిలబడి, లప్పం తింటున్న ఇద్దరు పిల్లల్లా ఉన్నారు.

"ఇటివ్వు."

గిన్నెలు రెండూ లాక్కుంది. మూకుడు పొయ్యి మీద పెట్టి, పాలు పోసి, ఆవిరి వచ్చేదాకా ఆగి, ఓట్స్ చెక్కలు వేసింది. చెక్కగరిట అందుకుంది. ముందు వెన్నుతో అదిమింది, తర్వాత అంచుల వెంట తిప్పింది. గడ్డలు విడిపోయాయి. మధ్యలో ఇంకాసిని పాలు. మోకాలి నొప్పి మనిషి, ఆ కాస్సేపూ ఒంటికాలి మీద బరువు మోపి నిలబడింది. చెయ్యి తిరుగుతుంటే ఒళ్ళంతా దానితో పాటు చిన్నగా ఊగింది, ఆసుపత్రి గంగాళాల ముందు ఊగినట్టే.

"రాత్రంతా బిగుసుకున్నదాన్ని మళ్ళీ మనిషిని చెయ్యాలంటే గరిట పడాలి నాయనా. వండేటప్పుడు వద్దన్నావు, ఒప్పుకున్నా. ఇప్పుడు వద్దంటే ఊరుకోను."

"అమ్మా, బస్సు టైమవుతోంది."

"నీ బస్సుకి నువ్వెళ్ళు. నేను తర్వాత చూసుకుంటా. ముందు కూర్చుని తిను."

ఇద్దరూ కూర్చుని తిన్నారు. ఆ బల్ల ముందు ఆ వేళప్పుడు కూర్చోవడం వాళ్ళకి అదే మొదలు. నిన్న కుండలోంచి తీసినప్పటికంటే బాగుంది. దాల్చినచెక్క ఇప్పుడే నోరు విప్పినట్టుంది. వేడివేడిది గొంతు దిగుతుంటే లిఫ్టాయనకి, నిన్నటి నుంచీ అడ్డుపడ్డ మాట కూడా కదిలింది. తీగల మీద గ్రీజూ, కదిలిన పెట్టె, గురువు పట్టుకున్న చొక్కా అంతా చెప్పాడు. "ఆ రేకు వేలాడుతుంటే నన్నెవరూ ఏం చెయ్యలేరని ధైర్యం అత్తయ్యా. నిన్న మిమ్మల్ని వెళ్ళనివ్వకూడదని పెట్టా. నా మొహం, మిమ్మల్నే వెళ్ళమన్నట్టయింది."

గరిటమ్మ పొయ్యి వైపే తిరిగి ఉంది. కొంగుతో ముఖం తుడుచుకుంది, సెగకే కావచ్చు. "చెల్లెలికి ఫోన్ చేసి చెప్పు, తీరిక లేదని," అంది కూతురితో. తర్వాత గట్టు మీదున్న ఎర్ర రేకు అందుకుని పొయ్యి పక్క మేకుకి తగిలించింది. మూకుడు అంచున మిగిలింది గీక్కుందామని అల్లుడు చెంచా చాపితే, గరిటతో వేళ్ళ మీద ఒక్కటిచ్చింది.

"బోర్డు కనపళ్ళేదూ?"

ఆ పొద్దున లిఫ్టాయన గుమ్మంలో అడ్డంగా ఉన్న అత్తగారి సంచీని పక్కకి జరిపి డ్యూటీకి వెళ్ళాడు. ఏడంతస్తుల మేడ, లిఫ్టు ముందు జనం, ఆఫీసుల తొందర. పనిముట్ల సంచీ తెరిచి చెయ్యి పెట్టాడు. రెంచీ తగిలింది. పాత అట్ట బోర్డు నిన్ననే చిరిగిపోయింది. మెట్ల మీద చతికిలబడ్డాడు.

"ఏమన్నా, మొదలెట్టవా? జనం చంపేసేట్టున్నారు," అన్నాడు తోటి మెకానిక్.

"బోర్డు లేదు. నీ దగ్గరది తెచ్చిపెట్టు."

"నీదేమైంది? ప్రాణం పోయినా వదలవుగా!"

"ఇంట్లో ఉంది," అన్నాడు లిఫ్టాయన, పొట్ట నిమురుకుంటూ. "అక్కడ పని జరుగుతోంది."